తల్లిదండ్రుల్లో ఒకరు

ఎడ్యుకేషన్ లోను గురించి ఇప్పుడు నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. చదువుకున్నన్నాళ్ళూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టక్కర్లేదు. కట్టక్కర్లేదన్నారు కదాని వడ్డీ ఊరుకోదు, దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. ఇంటి ఆదాయం తక్కువని తాసిల్దారు కాగితం ఇస్తే ఆ కాలానికి వడ్డీ ప్రభుత్వం భరిస్తుంది. అదీ ఒక్కసారే, డిగ్రీకో పీజీకో ఏదో ఒకదానికి. మాలాంటి వాళ్ళు తీసుకునే చిన్న లోనుకి ఇల్లూ పొలం తాకట్టు అడగరు. మా వీధి పిల్లలు ఇంటర్ ఫలితాలు రాగానే వచ్చి కూర్చుంటారు, వాళ్ళకి ఇదంతా అప్పజెబుతాను. నేను చేరిన ఏడు మాత్రం ఇందులో ఒక్క ముక్క మాకెవరికీ తెలీదు.

డిగ్రీ అమలాపురంలో చదివాను. ఫీజు ప్రభుత్వమే కట్టింది, బస్సు పాసు మేం కట్టుకున్నాం. తర్వాత విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంసీఏ సీటు వచ్చింది. ప్రైవేటులో పీజీకి ఆ ఏడు ప్రభుత్వం ఫీజు ఇవ్వదన్నారు, గడువులోగా కట్టకపోతే సీటు ఇంకొకరికి పోతుందన్నారు. అమ్మా నేనూ రాజోలు బ్యాంకుకి వెళ్ళాం. అమ్మ ఇంటి పట్టా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దారి పొడుగునా గుండెకి అదుముకుని కూర్చుంది.

లోన్లు చూసే ఆఫీసరు పెద్దాయన, మర్యాదస్తుడు. పట్టా చూసి నవ్వాడు.

"ఇది లోపల పెట్టేసుకోండమ్మా. తాకట్టేం అక్కర్లేదండి. తల్లిదండ్రుల్లో ఒకరు అమ్మాయితో పాటు సంతకం పెట్టాలి, అంతే. రేపు అమ్మాయి కట్టలేకపోతే వాళ్ళు కట్టాలన్నమాట."

"ఆయన కువైట్‌లో ఉన్నారండీ," అంది అమ్మ వెంటనే.

"అలాగాండి? అయితే అక్కడ మన ఎంబసీకెళ్ళి, ఆయన తరఫున మీరు సంతకం పెట్టొచ్చని పవరాఫ్ అటార్నీ రాయించి, ముద్ర వేయించి పంపాలండి."

"ఆయ్," అంది అమ్మ.

అక్కడున్నది ముగ్గురం. ఒకాయన బ్యాంకు ఉద్యోగి, నేను పట్టభద్రురాలిని. అమ్మ మా ఇంటిని ఒంటి చేత్తో ఈడ్చుకొస్తున్న మనిషి. తల్లిదండ్రుల్లో ఒకరు అన్న మాట ముగ్గురికీ వినబడింది. ఆ ఒకరు ఆయన ఎదురుగా కుర్చీలోనే కూర్చుని ఉంది. ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. మేం ఊరితో సరిపెట్టుకోలేదు, సముద్రం అవతల వెతికాం.

నాన్న సంగతి చెప్పాలి. ఆయన ఒక ఇంట్లో డ్రైవరుగా వీసా మీద వెళ్ళాడు. ఆ యజమాని నెలల తరబడి జీతం ఎగ్గొట్టి, పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకున్నాడు. ఒకరోజు నాన్న ఆ ఇంట్లోంచి బయటికొచ్చేశాడు. అలా వచ్చేసినవాళ్ళని మావాళ్ళు ఖల్లివల్లి అంటారు. కాగితం లేదు, అడిగే దిక్కు లేదు, పోలీసులకి దొరికితే వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కించేస్తారు. ఆ ముద్రలు పడ్డాక మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టడం ఉండదు. అయినా ఏసీలు బాగుచేసే ఒకతని దగ్గర పనికి కుదిరి, అతని వ్యానులోనే వెళ్ళి, అందులోనే గదికి వచ్చేవాడు. రోడ్డు మీద నడిచేవాడు కాదు. నా చదువయ్యేదాకా ఇలాగే లాక్కొస్తానని ప్రతి శుక్రవారం ఫోనులో చెప్పేవాడు.

అలాంటి మనిషికి మేం ఎంబసీ సంగతి చెప్పాం. వద్దులెండి, ప్రమాదం అని అమ్మ ముందే అంది. అన్నదని రాయకపోతే తప్పు. నాన్నే వినలేదు.

"ఒక్క పూట పనే కదే. నా కూతురి చదువుకి నేను సంతకం పెట్టకపోతే ఎవరు పెడతారు?"

ఆ మాటకి జవాబు ఉందని కూడా మాకు తెలీదు.

ఆ రోజు ఎంబసీలో లైను కదల్లేదట, రేపు రమ్మన్నారట. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపి కాగితాలు చూశారు. ఈ కబురు చెప్పింది గదిలో ఆయనతో ఉండే దిండి ఊరి అతను. ఫోను నేనే ఎత్తాను. అప్పుడు ములక్కాడలు కోస్తున్నాను. వాళ్ళు తీసుకెళ్ళిపోయేరమ్మా, మీ నాన్నగారిని, అన్నాడు. సరేనండీ అన్నాను. మిగిలిన కాడలు కూడా కోసి కూర వండాను. ఉప్పు సరిపోయింది. అమ్మ డ్వాక్రా మీటింగు నుంచి వచ్చాక, భోజనం పెట్టి చెప్పాను. అమ్మ కంచంలో చెయ్యి పెట్టి అలాగే కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాను. ఏడవలేదు. నాకూ రాలేదు. మాకేదో అయిందని తెలుస్తోంది గాని, ఎక్కడ నొప్పో తెలీడం లేదు.

నాలుగైదు రోజులకి అమ్మ బ్యాంకుకి బయల్దేరింది, ఇక లోను వద్దని చెప్పి రావడానికి. ఫోను చేస్తే పోయేదానికి చార్జీలు దండగ అన్నాను. మర్యాద కాదంది. నేనూ వెళ్ళాను. పెద్దాయన బదిలీ అయిపోయి, ఆ కుర్చీలో ఒక చిన్న వయసు ఆవిడ ఉంది. అమ్మ నిలబడే చెప్పింది.

"ఆయన సంతకం పెట్టడానికి లేదండి. కాగితాలు తిరిగి ఇచ్చెయ్యండి."

ఆవిడ తల కూడా ఎత్తకుండా అడిగింది. "అమ్మాయికి మీరేమవుతారండి?"

"అమ్మనండి."

"మరి మీరు పెట్టండి."

చేతులు కాలాక ఆకులు దొరికాయి. ఆవిడ వేలు పెట్టి చూపించిన చోటల్లా అమ్మ సంతకం చేసింది. బాగానే చేస్తుంది, గుండ్రంగా. నాకు మాత్రం లేచి ఆ టేబులు తిరగెయ్యాలనిపించింది. ఎవరి మీద కోపమో తేలక కూర్చుండిపోయాను. బయటికొచ్చాక అమ్మ ఒకటే మాట అంది.

"నాన్నకి చెప్పకు."

లోను వచ్చింది, ఫీజు కట్టాను, హాస్టల్లో చేరాను. నాన్న కొన్ని నెలలు అక్కడ లోపలే ఉండి, చేతిసంచితో వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. లోను ఎలా వచ్చిందని అడిగితే, బ్యాంకువాళ్ళు దయ తలిచేరండి అంది అమ్మ. నమ్మాడు.

వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మాలో ఏ మేలు జరిగినా సంఘం ముందు నిలబడి చెప్పుకోవడం అలవాటు. "నా బిడ్డ చదువు సంతకం కోసం వెళ్ళి పట్టుబడ్డానండి. నేను సంతకం పెట్టలేకపోయినా దేవుడు బ్యాంకువాళ్ళ మనసు మార్చేడు. నా కష్టం వృథా పోనివ్వలేదు," అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ ముసుగు సరిచేసుకుంటూ కూర్చుంది. సెలవుకి వచ్చిన నేను పక్కనే ఉన్నాను, నేనూ ఆమెన్ అన్నాను. ఆ తర్వాత ఆయన ఆ సంగతి ఎక్కడ పడితే అక్కడ చెప్పేవాడు. అంబాజీపేట మార్కెట్టుకి కొబ్బరికాయలు చేరేసే ఆటో నడపడం మొదలుపెట్టాడు, అక్కడ కూడా చెప్పేవాడట. మిగిలింది ఆయనకి ఆ కథ ఒక్కటే. దాన్ని ముట్టుకోవడానికి నాకు చెయ్యి రాలేదు.

రెండో ఏడు ఫీజు విడుదల చెయ్యాలంటే మళ్ళీ సంతకాలు కావాలని బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. నాన్న ఉతికిన చొక్కా వేసుకుని తయారయ్యాడు.

"ఈసారి నేనున్నాను కదా. నేనే పెడతాను."

"ఎండండీ. మీరెందుకు, మేం వెళ్ళొస్తాం," అంది అమ్మ.

"పోయినేడు ఎలాగూ లేను," అన్నాడు.

ఇంకేమంటాం. ముగ్గురం వెళ్ళాం. ఆ ఆఫీసరమ్మే ఉంది. కాగితం బల్ల మీద పెట్టగానే నాన్న జేబులోంచి పెన్ను తీసి ముందుకు వంగాడు.

"మీరు కాదండి, అమ్మగారు పెట్టాలి," అంది ఆవిడ.

"నేను తండ్రినండి."

"ఆయ్, తెలుసండి. ఇద్దరిలో ఎవరో ఒకరు చాలండి. మొదట్నుంచీ ఆవిడే పెడుతున్నారు కదా. మీరు అక్కర్లేదు."

చెడ్డగా అనలేదు ఆవిడ. నవ్వుతూనే అంది. నాన్న పెన్ను మూత పెట్టి వెనక్కి జరిగాడు. అమ్మ సంతకాలు చేస్తున్నంతసేపూ ఆ చేతినే చూస్తూ నిలబడ్డాడు. నేను గోడ మీద వడ్డీ రేట్ల బోర్డు చదివాను, పైనుంచి కిందికి, మళ్ళీ పైనుంచి కిందికి.

బస్టాండులో బల్ల మీద కూర్చున్నాం. మా ఊరి బస్సుకి ఇంకా టైముంది. నాన్న మజ్జిగ ప్యాకెట్లు కొనుక్కొచ్చి మా ఇద్దరికీ ఇచ్చాడు, తను తాగలేదు. కాసేపటికి అడిగాడు.

"అయితే ఆ రోజు నేను వెళ్ళక్కర్లేదన్నమాట."

"ఆయ్," అంది అమ్మ.

"నీ సంతకం చెల్లుతుందని నీకు తెలీదా?"

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది నాకు. అమ్మ మజ్జిగ ప్యాకెట్టు బల్ల మీద పెట్టింది.

"డ్వాక్రాలో పదిమందితో కలిపి పెట్టడమే గానండి, నా ఒక్కదాని సంతకం ఇన్నేళ్ళలో ఎవరడిగేరండీ? మీరెప్పుడైనా అడిగేరా?"

"లేదు," అన్నాడు నాన్న.