పళ్లెం అయ్యవారి రికార్డు

మెడలో ఒక పతకం పడితే బతుకు గట్టెక్కినట్టేనని నేను నమ్మిన రోజులవి. రాష్ట్రం కొత్తగా ఏర్పడింది, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. డిస్కస్ త్రోలో రాష్ట్రానికే మొదటివాణ్ణి, రికార్డు కూడా నాదే అన్న గర్వంతో అక్కడ కొత్తగా పెట్టిన కాలేజీలో ఆటల మాస్టరుగా చేరాను. మైదానమంటే పలకల గనుల వాళ్లు పారబోసిన రాతిపెళ్లలు ఏరి చదును చేసిన జాగా. నా చేతిలో డిస్కును చూసి ఊరివాళ్లు పెట్టిన పేరు పళ్లెం అయ్యవారు. (విసిరాక అన్నం దేంట్లో తింటారని ఒక పెద్దమ్మ నిజంగానే అడిగింది.) నా ఉద్యోగం తాత్కాలికం. కర్నూలు పోటీల్లో మనవాళ్లు ఒక్క బహుమతైనా తేకపోతే వేసవి తర్వాత ఈ పోస్టు ఉండదని ప్రిన్సిపాలుగారు చాలా మెల్లగా చెప్పారు. ఆ మెల్లదనానికే నేను ఎక్కువ భయపడ్డాను.

నా శిష్యుల్లో డిస్కును కాలి మీద పడేసుకోనివాడు ఒక్కడే. ఊరి పేరుతో వాణ్ణి అర్ధవీడు అనేవాళ్లం. గొర్రెలు కాసే ఇంటివాడు, బలమైన చెయ్యి. అయితే వాడి డిస్కు ఒకరోజు ఎక్కడో దూరాన పడేది, ఒకరోజు దగ్గర్లోనే కూలబడేది. ఎందుకో నాకు అంతుపట్టక, తిట్టి తిట్టి నీరసపడ్డాను.

కర్నూలులో వాడి మొదటి డిస్కు, మైదానంలో జెండా పట్టుకున్న అధికారి కాళ్లకు అడుగు ముందు పడింది. రెండోదీ అంతే. ముగ్గురి కంటే వెనకబడ్డాం. నేను తల పట్టుకుని అడిగితే వాడు నెమ్మదిగా చెప్పాడు.

“ఆ సారు ఆడ నిలబడుండాడు గదా సార్. గొర్రె పక్కకు పోతాంటే రాయి దాని ముందర పడాల, తగలగూడదని మా నాయన నేర్పినాడు. చెయ్యి అట్లనే అలవాటైపోయింది.”

అంటే ఇన్నాళ్లూ నేను దూరంగా నిలబడిన రోజు దూరంగా, దగ్గర నిలబడిన రోజు దగ్గరగా వేశాడన్నమాట. వెనక్కి జరగమని అధికారిని బతిమాలితే ఆయన కదల్లేదు. మిగిలింది ఒక్క అవకాశం. సిగ్గూ ఎగ్గూ వదిలేసి తాడు దాటి పరుగెత్తాను. నా రికార్డు ఎంత దూరమో కళ్లతోనే కొలుచుకుని, సరిగ్గా అక్కడ నిలబడి, వెయ్యరా అని చెయ్యి ఊపాను. డిస్కు గింగిరాలు తిరుగుతూ వచ్చి నా బొటనవేలికి అడుగు ముందు దిగబడింది. ఆ రోజు అంత దూరం ఎవరూ వెయ్యలేదు. మాస్టరు మైదానంలోకి వచ్చాడని దాన్ని లెక్కలోంచి కొట్టేశారు. దాంతో నా పోస్టూ పోయింది.

తిరిగొచ్చే బస్సులో నేను ఏడవలేక కూర్చుంటే వాడే అన్నాడు.

“ఇంకొంచెం ఎనక్కి నిలబడుంటే ఇంకా దూరం పోయుండు సార్. మీ ఎనక చానా జాగా ఉండె గదా.”

వెనక ముళ్లున్నాయిరా అన్నాను. (ముళ్లూ లేవు, ఏమీ లేవు.) ఉద్యోగం పోయే గడియలో కూడా నా రికార్డు పోతుందేమోనని ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేకపోయాను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముసలితనం రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే ఆ రికార్డును ముక్కూ మొహం తెలియనివాడెవడో సునాయాసంగా దాటేశాడు.