వినోద మేడం మగ్గం ఆట

నేను కాశిబుగ్గ సర్కారు హైస్కూల్ల ఆయాను. పేరు మొగిలమ్మ. రూములు ఊడ్సుడు, బెల్లు కొట్టుడు, కంప్యూటర్ రూము తాళంచెవి కొంగుకు ముడేసుకొని తిరుగుడు, గిదే నా నౌకరి. తిట్టుడు మాత్రం జీతం లేని నౌకరి, అది నేనే పెట్టుకున్న. వినోద మేడం ముచ్చట చెప్పుమన్నరు గనుక చెప్తాన. నడుమల అడ్డం రాకుండ్రి, నాకు తిక్క లేస్తది.

వినోద మా వాడకట్టు పిల్లనే, రాజలింగు బిడ్డ. రాజలింగు నాకు వరుసకు బావ. కింద పరుసుకునే జంపఖానాలు నేసుట్ల ఆయన చేతికి తిరుగులేదు. నేను పెండ్లయి వచ్చిన కాన్నుంచి ఆయన మగ్గం సప్పుడు ఇనుకుంటనే నా సంసారం నడిచింది. మనిషి మాత్రం ఉత్త మొండి. పని మీద కూసున్నడంటే ఇల్లు కూలినా తల ఎత్తడు. చాయ తెచ్చి పక్కన పెడితే, మగ్గం కాడ చాయేందని చేత్తోని అవతలికి జరిపేటోడు. భార్య తొందరగ పోయింది. మళ్ళ పెండ్లి చేసుకోలే. ఒక్క బిడ్డను ఆయనే సాది, ఆయనే జడలేసి, ఇంజినీరింగు దాక చదివిచ్చిండు. ఆ పిల్లకు హైదరాబాద్ల కంపెనీల నౌకరి వచ్చింది. ఏం నౌకరి అంటే, పోరగాండ్లు ఫోన్లల్ల ఆడుకునే ఆటలు తయారు చేసుడు.

గాడనే లొల్లి మొదలైంది. బట్ట కొనే నేతోళ్ళ సొసైటీ కాడ ఎవలన్న మీ బిడ్డ ఏం చేస్తాందే అని అడిగితే, కంప్యూటర్ పని అనేటోడు గని ఆటలు అన్న మాట ఆయన నోట్లెకెల్లి రాకపోయేది. ఒకసారి బిడ్డ ముంగటనే అననే అన్నడు. "నేను నేసిందాని మీద మంది కూసుంటరు, పంటరు. నువ్వు చేసిందాంతోని ఎవలకేం అక్కెర?" గా మాట ఆమె మనసుల పడిపోయింది. ఇంటికి వచ్చుడు తగ్గిచ్చింది. వచ్చినా అన్నం తిన్నవా అంటే తిన్న, గంతే ముచ్చట. ఇద్దరూ మంచోళ్ళే, ఏం లాభం.

తర్వాత రాజలింగుకు పక్షవాతం వచ్చింది. దవాఖానల పానం నిలబెట్టిండ్రు గని కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఊఁ అనుడొక్కటే మిగిలింది. మేడం కంపెనీ ఇడిసిపెట్టి వచ్చేసింది. మడికొండ కాడ చిన్న ఆఫీసుల పని చూసుకున్నది. గప్పుడే ఏదో సంస్థోళ్ళు మా బడికి లాప్‌టాపులు ఇచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు ఆటలు తయారు చేసుడు నేర్పియ్యాలె అన్నరు. శనివారం శనివారం మేడం వచ్చి నేర్పుడు షురూ చేసింది. ఆడుకుంటే చెవులు పిండే బడిల ఆటలు నేర్పుడేంది అని నేను హెడ్మాస్టర్ సారంగపాణి సారుతోని లడాయి పెట్టుకున్న. సారు నవ్వి ఊకున్నడు.

నేను రూము ఊడ్సుకుంట ఆమె చెప్పేది ఇంటుండేదాన్ని. ముందుగాల పిల్లలతోని లాప్‌టాపులు ముయ్యిపిచ్చేది. ఆటంటే బొమ్మలు కాదు, ఆటంటే దాని కాయిదాలు, అంటే నియమాలు అని చెప్పేది. ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యొద్దు, తప్పు చేస్తే ఏమైతది, గివి ముందు తేలాలె అనేది. పట్నం ఆటలు చూసి రాసుకొచ్చుడు కాదు, మీ ఇంట్ల మీకు తెలిసిన పని ఏదుంటే దాని కాయిదాలు తెండ్రి అన్నది. క్లాసుల సగం మంది నేతోళ్ళ పిల్లలే. శ్రావణి అని ఒక పోరి ఉన్నది, దాని నోరు ఒక్క నిమిషం ఊకోదు. అదే లేసి మగ్గం ఆట చేద్దాం మేడం అన్నది.

అట్ల కట్టిండ్రు. కుడి మీట ఒత్తితే పోగు మోసే నాడె కుడికి ఉర్కుతది, ఎడమది ఒత్తితే ఎడమకు, కిందిది ఒత్తితే దెబ్బ పడి పోగు కూసుంటది. దెబ్బ సక్కగ పడకపోతే అంచు వంకర పోతది. ఒకడు అడిగిండు, సగం నేసి పక్కకు పెట్టి ఇంకోటి మొదలు పెట్టొచ్చా అని. మేడం ఆ మాటను వాళ్ళ దిక్కే తిప్పి, మీ ఇండ్లల్ల అట్ల పెడ్తరా అన్నది. పిల్లలు నవ్విండ్రు. మగ్గం మీద నిలువు పోగుల పడుగు ఒకటి ఉంటే అది ఒడిసేదాక ఇంకోటి ఎక్కది కదా. ఒడిసినంక కోసి దించాలె. మరి కోసినంక బట్ట ఏడ పెడ్దాం అని అడిగింది మేడం. ఇంట్ల ఎందుకుంటది మేడం, సొసైటీకి పోతది అన్నది శ్రావణి. గదే కాయిదా ఆటల పెట్టిండ్రు. కోస్తే బట్ట మడత పడి మాయమైతది, మూలకు సొసైటీకి ఇచ్చినవి అని ఒక అంకె పెరుగుతది, మగ్గం ఖాళీ అయితది. మేడం సంబురం చెప్పరాదు. ఇసొంటి ఆట పట్నపోళ్ళకు కట్టరాదు చిన్నమ్మా అని నాతోని అన్నది.

సారును అడిగి, ఆట కట్టిన ఆ ఒక్క లాప్‌టాప్ ఇంటికి తీస్కపోయింది, తండ్రికి చూపెడ్దామని. ఆయనేమంటడో అని నేనూ వెంబడి పోయిన. మేడం గిన్నేండ్ల సంది ఆయన నోట బాగున్నది అనే మాట కోసం చూసింది, ఇప్పుడైతే ఆయనకు నోరే లేదాయె. మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. రాజలింగు చూసి మొఖం తిప్పుకున్నడు. జర సేపైనంక మళ్ళ చూసిండు. ఎడమ చెయ్యి లేపి ఒక మీట ఒత్తిండు. నాడె ఉర్కింది. ఇంకోటి ఒత్తిండు. ఇగ మేం ఇద్దరం ఆడ ఉన్నమన్న సోయి కూడ ఆయనకు లేదు.

ఆ దినం సంది పొద్దుగాల లేస్తే ఆయనకు అదే కావాలె. మొదట్ల అంచు అంత వంకర, తాగినోని నడక లెక్క. ఎడమ చెయ్యి కదా. రాను రాను సక్కగయింది. ఎర్రటి బట్టల నల్లటి గళ్ళు దించుకుంట వచ్చిండు. ఒకనాడు మేడం చాయ తెచ్చి లాప్‌టాప్ పక్కన పెడితే, చేత్తోని అవతలికి జరిపిండట. అది చెప్పుకుంట బడిల నా ముంగట నవ్వింది, నవ్వుకుంటనే ఏడ్సింది. "బాపు నన్ను మెచ్చుకున్నడు చిన్నమ్మా," అన్నది. చాయ జరిపితే మెచ్చుకున్నట్టేనా అని నేను అనలే. పని కానిదాని కాడ ఆయన చాయ జరపడని నాకు ఎరికే.

చలి తగ్గేటప్పుడు రాజలింగు నిద్రల్నే పోయిండు. బట్ట సగం దాటింది అప్పటికి. వచ్చిన మంది కూసునేటందుకు ఇంటి ముంగట ప్లాస్టిక్ సాపలు కిరాయికి తెచ్చి పరిచిండ్రు. బతుకంత జంపఖానాలు నేసినోని ఇంట్ల పరుసుటానికి ఒక్క జంపఖానా లేదు. మా ఇండ్లల్ల గట్లనే ఉంటది, ఎవలూ ఇడ్డూరమనుకోలే. మేడం ఒక్కతే ఆ సాపల దిక్కు చూసుకుంట కూసున్నది. నేను నీళ్ళు ఇస్తే తాగి, నా చెయ్యి పట్టుకొని చెప్పింది. "ఆటల బట్ట ఉన్నది కద చిన్నమ్మా. అది నేను నేసి ఒడగొట్టను, కొయ్యను. బాపు ఏడ ఆపిండో ఆన్నే ఉంటది. తెరిచినప్పుడల్ల ఇప్పుడే లేసి పోయినట్టుంటది."

గా వారంలనే, పెద్దాఫీసరు బడి చూడ వస్తాండు, పిల్లల ఆట చూపెట్టాలె అని కబురొచ్చింది. శ్రావణి, ఇంకిద్దరు పిల్లలు పలకరియ్య వచ్చినప్పుడు మేడమే లాప్‌టాప్ వాళ్ళ చేతుల పెట్టి, మంచిగ చూపెట్టుండ్రి అన్నది. బట్ట జోలికి పోకుండ్రి అని చెప్పాల్సిన పని ఉంటదని ఆమెకు తోచలే. దుఃఖంల ఉన్న మనిషి, ఎన్నని యాదికుంటయి.

ఆటను మొదటి నుంచి చూపెట్టాలంటే మగ్గం ఖాళీ ఉండాలె. మగ్గం మీదేమో తాత బట్ట ఉన్నది. నేతోళ్ళ పిల్ల ఏం చేస్తది చెప్పుండ్రి? మా వాడకట్ల మనిషి పోతే మగ్గం మీద సగం నేసిందాన్ని అట్ల ఇడిసిపెట్టరు. పోయినోని మనసు దాంట్లనే కొట్టుకుంటదని, ఇంట్లోళ్ళో పక్కింటోళ్ళో కూసుండి ఒడగొడ్తరు. శ్రావణి ఆ లాప్‌టాప్ డబ్బను ఇంటికి తీస్కపోయి, వాళ్ళ నాయినను పక్కన కూసోబెట్టుకొని, రాజలింగు దించిన గళ్ళకు గళ్ళు జోడిచ్చి, ఒక్క పోగు తప్పు పోకుండ నేసింది. దండం పెట్టుకొని కోసింది.

దినాలు ఒడిసినంక మేడం బడికి వచ్చింది. నేను రూముల బెంచీలు తుడుస్తాన. శ్రావణి ఉర్కొచ్చింది. ఆఫీసరు వచ్చి మెచ్చుకున్న ముచ్చట తర్వాత, ముందు గిది చెప్పింది.

"మేడం, తాత బట్ట ఒడగొట్టిన. ఆయన ఏడ ఆపిండో, నేను ఏడ పట్టుకున్ననో ఎవ్వలు గుర్తుపట్టరు, గంత సక్కగ కలిపిన."

ఆ పోరిని అవతలికి గుంజి రెండు సరుద్దామన్నంత కోపమొచ్చింది. దాని మొఖం చూస్తే చెయ్యి లేవలే. పుణ్యం పని చేసిన అన్న ధీమా ఉన్నది దాని మొఖంల. మేడం లాప్‌టాప్ తెరిచి చూసింది. ఆఫీసరుకు చూపెట్టిన నాలుగు పోగులు తప్ప మగ్గం ఖాళీ. ఆ పోరి తల మీద చెయ్యి పెట్టింది.

"మంచిగ చేసినవు బిడ్డా. గట్లనే చెయ్యాలె," అన్నది.

సారంగపాణి సారు ఇని, ఇంకో కాపీ తీసి పెట్టుకునేది ఉండె కదమ్మా, నువ్వే పిల్లలకు చెప్తవు కదా అన్నడు. నాకు మండింది. బతికున్న మనిషి ఫొటోకు దండ ముందే తెచ్చి పెట్టుకుంటరా సారూ అన్న. సారు తల వంచుకొని ఆఫీసు రూముల్లకు పోయిండు.

బడి ఇడిసినంక తాళం ఏద్దామని వస్తే మేడం ఆన్నే కూసున్నది. తెర మూలకున్న అంకెను వేలుతోని చూపెట్టింది. సొసైటీకి ఇచ్చినవి, ఒకటి. బాపు నేసింది గంతే మిగిలింది, కాయిదా నేను ఒప్పుకున్నదే, ఎవల్నని ఏమంట అన్నది. కండ్లు తుడుసుకోలే, కారనిచ్చింది. తర్వాత మెల్లగ అడిగింది.

"చిన్నమ్మా, మా బాపు నేసింది మీ ఇంట్ల ఒక్కటన్న ఉన్నదా? చినిగిందైనా మంచిదే."

నేను మనసుల వాడకట్టంత తిరిగొచ్చిన. మా ఇల్లు, పక్కిల్లు, ఆ ఎనుక గల్లీ. అన్ని ఇండ్లల్ల నేసుడే గని దాసుకున్నోళ్ళు ఎవలున్నరు. ఆయన నేసినయి ఏ ఊర్ల ఎవల పెండ్లిల పరిచిండ్రో, ఎవలు తొక్కిండ్రో.

"లేదు బిడ్డా," అన్న.

ఆమె తలూపింది. లాప్‌టాప్ మాత్రం ముయ్యలే. నేను తాళం చేతుల పట్టుకొని ఆమె పక్కన బెంచీ మీద కూసున్న.