అడుగున చిన్న అక్షరాలు

ఈ మాట ముందే చెప్పేస్తాను. మా మావయ్యకు టీవీని నమ్మొద్దని నేర్పింది నేనే. తాడేపల్లిగూడెంలో పిల్లలకు సైన్సు చెప్పే టీచర్ని, నోరు కాస్త ఎక్కువ, తెలిసింది చెప్పకుండా ఊరుకోలేను.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. కొల్లేటికోటకు కాస్త దూరంగా, చేపల చెరువు గట్టు మీద పాక వేసుకుని అత్తతో కలిసి కాపలా ఉండేవాడు. మూడేళ్ళ కిందట టీవీ వాళ్ళు కెమెరాలు పట్టుకుని వచ్చి కొల్లేటి మీద డాక్యుమెంటరీ తీస్తున్నామన్నారు. అత్త ఆ రోజు పెళ్ళిళ్ళకని దాచిన పసుపుపచ్చ చొక్కా తీసి, ఇస్త్రీ చేయించి ఇచ్చింది. వాళ్ళు మావయ్యను దోనెలో కూర్చోబెట్టి, చిన్నతనంలో సరస్సులో మునిగిపోయిన ఆయన తమ్ముడి గురించి అడిగారు. ఆ సంగతి ఇంట్లో ఎవరి దగ్గరా ఎత్తని మనిషి, అంత మర్యాదగా అడిగేసరికి అంతా చెప్పాడు.

కొన్నాళ్ళకు అది టీవీలో వచ్చింది. కొల్లేటి అడుగున బస్సంత పొడవు చేప ఉందట. తెల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, శాస్త్రవేత్తనని చెప్పుకుని, దాని పళ్ళెన్నో కూడా చెప్పాడు. తర్వాత యాంకరమ్మ గొంతు: "ఆ జీవిని మీరు చూశారా?" వెంటనే మావయ్య ముఖం, పసుపుపచ్చ చొక్కా. "నా కళ్ళ ముందే జరిగిందండి. పక్కనే ఉన్నాను, ఏమీ చెయ్యలేకపోయాను" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. తమ్ముడి కోసం పెట్టుకున్న కన్నీళ్ళను తీసుకెళ్ళి లేని చేపకు అతికించారు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

జనం నమ్మారు. మా స్టాఫ్ రూములో లెక్కల మేష్టారు కూడా "అంతమంది చెబుతుంటే ఉండదంటారా అండీ?" అన్నారు. కొల్లేటి ఊళ్ళలో ఆడవాళ్ళు కొన్నాళ్ళు రేవులో మోకాలి లోతు దాటి దిగలేదు. ఏలూరు నుంచి జనం బైకులేసుకుని చేపను చూడ్డానికి వెళ్ళి, అది కనపడక, మావయ్యతో ఫొటోలు దిగి వచ్చారు. ఇంతలో ఆ తెల్లకోటాయన తలనూనె ప్రకటనలో కనపడ్డాడు. అంతే, భయం పోయి ఎగతాళి మొదలైంది. అది టీవీ వాళ్ళ మీదకు పోలేదు, మావయ్య మీదకే వచ్చింది. చేపల లారీ దగ్గరా, టీ కొట్టు దగ్గరా "ఏవండీ, మీ బస్సు టైముకి వచ్చిందా?" అని అడిగేవారు. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశాడు. పెళ్ళిళ్ళ చొక్కాను చెరువు పనికి వేసుకోవడం మొదలుపెట్టాడు.

నేను ఊరుకుంటానా? ఒక ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి వెళ్ళాను. ఫోనులో ఆ కార్యక్రమం పెట్టి, చివర్లో రెప్పపాటు ఏదో వచ్చిపోయే చోట ఆపాను. అడుగున చీమ తలకాయంత అక్షరాలు, ఇదంతా కల్పితమని. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు.

"మరి ఆ ముక్క ముందే రాయొచ్చు కదమ్మా" అన్నాడు.

అప్పుడు మొదలుపెట్టాను నా పాఠం. "టీవీలో ఎవరేం చెప్పినా, వాళ్ళని అసలేం అడిగారో మనకి తెలీదు మావయ్యా. ముందు అడుగున ఏం రాశారో చూడండి. మీ కళ్ళతో చూసింది తప్ప ఏదీ నమ్మకండి." అత్తా, చుట్టుపక్కల చెరువుల వాళ్ళూ గట్టు మీద చేరి విన్నారు. నన్ను చూసుకుని నాకే ముచ్చటేసింది.

ఆ పాఠం లోకానికి ఎంత బాగా ఎక్కిందో క్లాసులో తెలిసింది. శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాల ఫొటో చూపిస్తే, వెనక బెంచీలోంచి "గ్రాఫిక్స్ టీచర్" అన్నారు. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఇప్పుడైతే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. నమ్మకపోవడం ఒక్కటే నేర్పాను. నిజం ఎదురైతే దాన్ని ఎలా పోల్చుకోవాలో నేర్పలేదు. అది నాకే సరిగా తెలియదు.

పోయిన వానాకాలం ఎగువన కుండపోతగా కురిసింది. అక్కడి వాగులన్నీ కొల్లేటిలోకే దిగుతాయి, కానీ నీళ్ళు చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే కొల్లేటికోటలో ఆ రోజు ఎండ కాస్తోంది. టీవీలో మాత్రం ఇంజనీరు ఒకాయన వానలో వాగు గట్టు మీద నిలబడి, లంక ఊళ్ళ వాళ్ళంతా సాయంత్రంలోగా బయటికి వచ్చేయాలని చెబుతున్నాడు. నేను బడి నుంచే ఫోను చేశాను.

"మావయ్యా, అత్తని తీసుకుని వెంటనే ఏలూరు వచ్చేయండి. పెద్ద నీరు వస్తోంది."

"ఎవరు చెప్పారమ్మా?"

"టీవీలో ఇంజనీరుగారు చెబుతున్నారు."

"ఆయన్ని ఏం అడిగారో ఏమో. ఎప్పటిదో వరద గురించి అడిగుంటారు, తెచ్చి ఇప్పుడు అతికించుంటారు. నువ్వు చూశావా ఆ నీళ్ళు, నీ కళ్ళతో?"

అన్నీ నేను నేర్పిన మాటలే. నోరెక్కువ అన్నానే, ఆ నోరే.

"మావయ్యా, ఇది నిజమండీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"కంగారు పడకమ్మా. మీ అత్తని ఏలూరులో వాళ్ళ చెల్లెలింటికి పంపిస్తాను, నీకు స్థిమితంగా ఉంటుంది. నా గుర్తు కర్రకి మొదటి పీలిక కూడా తడవలేదు. అది తడిస్తే నేనూ కదుల్తాను."

గుర్తు కర్రంటే, గట్టు అంచున నీళ్ళలో పాతిన వెదురు. దానికి కింద నుంచి పైకి గుడ్డపీలికలు కడతారు. ఏ పీలిక తడిస్తే నీరు అంత పెరిగినట్టు. తాతయ్య కాలం నుంచి అది అబద్ధం చెప్పలేదు. కొల్లేరు మెల్లగా, మూటాముల్లె సర్దుకునే వ్యవధి ఇచ్చి పెరిగేది. కానీ అప్పుడు సరస్సు హాయిగా పరుచుకుని ఉండేది. ఇప్పుడు ఎటు చూసినా చెరువు గట్లే. ఎగువ నీరు ఆ గట్ల వెనక పోగుపడి, ఏదైనా గట్టు తెగితే ఒక్కసారిగా మీద పడుతుంది. ఆ మాట ఫోనులో చెప్పాను కూడా. "అదీ టీవీలోనే చెప్పారా?" అని నవ్వాడు.

ఊళ్ళో కూడా సగం మందే కదిలారట. పంచాయతీ వాళ్ళు మైకులో చెబుతుంటే "మళ్ళీ బస్సు వస్తోందా?" అని నవ్వుకున్నారట.

మర్నాడు పొద్దున్నే ఏలూరు చేరాను. అక్కడి నుంచి ముందుకు రోడ్డు మీద నీళ్ళు, బస్సుల్లేవు. ఆటోవాళ్ళను బతిమాలాను. ఎక్కడికని వెళ్తామండీ, అన్నారు. మావయ్య ఫోను మోగడం లేదు. అత్త ఉన్న ఇంటికి నడుచుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా ప్రార్థన చేశానని అనను, దేవుడితో బేరమాడాను. చేపలు పోనీ, పాక పోనీ, ఆయన ఏదో ఒక గట్టు మీద కూర్చుని నన్ను తిట్టుకుంటూ ఉంటే చాలన్నాను.

అత్త టీవీ ముందు నేల మీద కూర్చుని ఉంది. తెర నిండా నీళ్ళు. మధ్యలో వాళ్ళ పాక కొన, నేను కొనిపెట్టిన నీలం టార్పాలిన్‌తో సహా. దాని పక్కన పడవలో వాళ్ళు ఒక మనిషిని నీళ్ళలోంచి పైకి లాగుతున్నారు. ముఖం కనపడకుండా టీవీ వాళ్ళు మసక వేశారు. చొక్కాకి వెయ్యలేదు. పసుపుపచ్చ.

అత్త నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"ముఖం చూపించట్లేదు చూశావా? ఇదీ అతికించిందేనే. ఆ చొక్కాతో అప్పుడు తీశారు కదా, ఆ వీడియో వాళ్ళ దగ్గర ఉండిపోయుంటుంది. నువ్వు చదువుకున్నదానివి, అడుగున చూడవే. కల్పితమని రాసుంటారు, చదివి చెప్పు."

నేను మోకాళ్ళ మీద తెర దగ్గరకు జరిగాను. ఆ అక్షరాల కోసం అంతగా ఎప్పుడూ వెతకలేదు. చీమ తలకాయంత ఉన్నా చాలు, రెప్పపాటు కనపడినా చాలు అనుకున్నాను. అడుగున కొల్లేటికోట అని, ప్రత్యక్ష ప్రసారం అని ఉంది. ఇంకేమైనా వస్తుందేమోనని చాలాసేపు ఆగాను. వాళ్ళు దాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

"ఏం రాశారే?"

"ఇది నిజమే అత్తా" అన్నాను.

కాళ్ళు పట్టుకుంటానన్నా మావయ్య నమ్మని మాట అది. అత్త ఒక్కసారికే నమ్మింది.