బోరు నీళ్ళు చూసి మోటారు, ఇంజను చూసి టర్బో

2023 ఎండాకాలం. మార్కాపురంలో మా షెడ్డు రేకుల కింద బోరు లారీల టర్బోలు విప్పి పరిచి ఉన్నాయి. టర్బో అంటే తెలియనివాళ్ళకు ఒక మాట చెప్తాను. ఇంజను వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. ఆ ఒత్తిడిని బూస్ట్ అంటాం. గాలి ఎక్కువ పోతే ఇంధనం ఎక్కువ కాలుతుంది, బండికి బలం వస్తుంది. మా నాయన డీజిల్ పంపులు బాగుచేసేవాడు, ఆయన పక్కన కూర్చుని నేను టర్బోల పని పట్టుకున్నాను. ఆడమనిషి చేతికి టర్బో ఇస్తామా అని నవ్విన వాళ్ళ లారీలే ఇప్పుడు మా వాకిట్లో వరుస కడతాయి. గొప్పలు అనుకుంటే అనుకోండి, నాకేం మొహమాటం లేదు.

అయితే స్పోర్ట్స్ కారు మా గడప తొక్కింది మాత్రం ఆ ఏడే.

తెచ్చినవాడు కొమరోలు ఓబులేసు. బోర్లు వేసే లారీలు నడుపుతాడు, మాకు పాత గిరాకీ. రెండు సీట్ల ఎర్ర కారు అది. దాని సొంత ఇంజను ఏనాడో చచ్చిపోతే, వేరే పెద్ద కారుది రెండు లీటర్ల పెట్రోలు ఇంజను వెతికి తెచ్చి, తన చేతుల్తోనే అందులో కూర్చోబెట్టాడు. దీన్ని ఇంజన్ స్వాప్ అంటారు. మూడేళ్ళ కష్టం. తమిళనాడులో ఒక రేసు ట్రాక్ మీద జరిగే పోటీకి పేరు కూడా ఇచ్చేశాడు. ఆ రకం ఇంజన్లు ఇప్పుడు తయారు కావడం లేదు. ఇది కాలిపోతే వాడి మూడేళ్ళూ దాంతోనే పోతాయి.

గోతాంలోంచి ఒక టర్బో తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏందిది, గంగాళమా?" అన్నాను.

"ఆరు సిలిండర్ల ఇంజనుది అక్కా. ఇదే బిగించు. గాలి ఎంత ఎక్కువుంటే అంత బలం గదా!"

వాడి తప్పు కాదు, వాడి పని అట్లాంటిది. బోరు లోతుకు పోయేకొద్దీ గాలిని లోపలికి కొట్టే కంప్రెసర్ పెద్దది కావాలి. చిన్నది పెడితే రాతిపొడి పైకి రాదు. పుట్టిన కాడి నుంచి ఆ లెక్కే వాడి ఒంట్లో ఉంది. వద్దురా అని ఎంత చెప్పినా చెవికెక్కలేదు. "నా కోసరం ఒక్కసారి బిగించి చూడక్కా" అని బతిమాలాడు. సరే, బూస్ట్ బాగా తగ్గించి పెట్టి బిగించాను.

పరీక్షకు ఊరి బయట ఆగిపోయిన పలకల క్వారీకి పోయాం. యజమానిని అడిగి, ఆ క్వారీ దారి మీదే కారు తీశాం. ఓబులేసు నడిపాడు, నేను పక్కన మీటర్లు చూస్తూ కూర్చున్నాను. తొక్కుతున్నా కారుకు చలనం లేదు. ఆ పెద్ద చక్రం తిరగడానికి చాలినంత పొగే రావడం లేదు. ఈ ఆలస్యాన్నే టర్బో లాగ్ అంటాం. సరిగ్గా మలుపు మధ్యలో చక్రానికి ఊపొచ్చింది. ఒక్కసారిగా బలమంతా వచ్చిపడి కారు వెనక భాగం పక్కకు కొట్టుకుపోయింది. పలకరాళ్ళ గుట్టకు చెయ్యి చాచేంత దూరంలో ఆగాం.

"నీ ఇంజను సంగతి తరవాత, ముందు నేను బతకాలి గదరా!" అని అరిచాను. కోపం ఆగలేదు.

వాడు దిగి రాళ్ళ మీద కూలబడ్డాడు. "మా వాళ్ళంతా నన్ను పిచ్చోడన్నారక్కా. ఇది పరిగెత్తకుంటే వాళ్ళు చెప్పిందే నిజమైపోతాది" అన్నాడు.

ఆ మాటకు నా కోపం దిగిపోయింది. పక్కనే కూర్చుని అడిగాను, "మీ మామ చేలో బోరుకు ఎన్నించుల నీళ్ళు?"

"ఒకటిన్నర."

"పది హెచ్‌పీ మోటారు దించుతావా?"

"ఎవురన్నా దించుతారా అక్కా? ఉన్న నీళ్ళు కాసేపట్లో లాగేసి, వట్టిగా తిరిగి కాలిపోతాది."

"మరి నీ ఇంజను వదిలే పొగ ఎంతో చూడకుండా ఇంత టర్బో ఎట్ల తెచ్చినావు?"

వాడు లేచి బట్టలు దులుపుకున్నాడు. "పా అక్కా, నీళ్ళు కొలుద్దాం."

ప్రతి టర్బోకూ కంప్రెసర్ మ్యాప్ అని ఒక బొమ్మ ఉంటుంది. ఎంత గాలిని ఎంత ఒత్తిడితో అది హాయిగా నెట్టగలదో అందులో గీసి ఉంటుంది. ఓబులేసు ఇంజను ఏ వేగంలో ఎంత గాలి తాగుతుందో లెక్కకట్టి, ఆ చుక్కలు ఒక్కో మ్యాప్ మీద పెట్టి చూశాం. టర్బో మరీ చిన్నదైతే పైవేగంలో ఇంజనుకు ఊపిరాడదు, అది గాలిని ఉత్తినే వేడెక్కించి పంపుతుంది. చివరికి అరచేతిలో పట్టే టర్బో ఒకటి కుదిరింది. "నేరు దారిలో చివరాఖరి వేగం కొంచెం తగ్గుతాది, ముందే చెప్తన్నా" అన్నాను. "మలుపులో లేస్తే చాలక్కా" అన్నాడు. మన ఎండలకు గాలి ముందే సలసలా కాగుతుంది కాబట్టి, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ మాత్రం పెద్దదే పెట్టించాను.

బోరు లారీ డ్రైవర్లకు ఒక అలవాటుంది. పని అయిపోగానే ఇంజను ఆపరు. ఒక బీడీ కాలేదాకా ఊరకే తిరగనిస్తారు. ఆ కాస్త సేపట్లో ఆయిల్ పారి టర్బో ఇరుసు చల్లబడుతుంది. వెంటనే ఆపితే ఆయిల్ అక్కడే మాడి ఇరుసు పట్టేస్తుంది.

"నువ్వూ అట్లే చెయ్యి" అన్నాను.

"నేను బీడీ తాగను గదక్కా."

"అయితే ఒక బిస్కెట్ ప్యాకెట్ తిను!"

మళ్ళీ అదే క్వారీ, అదే మలుపు. ఈసారి కాలు పెట్టీ పెట్టకముందే కారు మేకపిల్లలా గెంతింది. వాడు కేక పెట్టాడు. నేనూ పెట్టాను, నా వయసు మరిచిపోయి.

పోటీ రోజు ఆదివారం. చర్చిలో ప్రార్థనకు కూర్చున్నానన్న మాటే గానీ మనసంతా ఆ ఇంజను మీదే ఉంది. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది. అటువైపు మాట లేదు, కరకరమని నమిలే చప్పుడు. దాని వెనక ఇంజను మెత్తగా, తడబాటు లేకుండా తిరుగుతోంది.

"ఓబులేసూ, ఏమైందిరా?"

"అన్ని రౌండ్లూ అయిపోయినాయి. బిస్కెట్ తింటన్నా అక్కా."

ఎన్నో స్థానమని అడగడం కూడా గుర్తురాలేదు. ఫోను పట్టుకుని ఆ చప్పుడే వింటూ నిలబడ్డాను. మా షెడ్డులో కుదిర్చిన టర్బో అంత దూరాన చల్లగా ఊపిరి తీస్తోంది. అంత గర్వం నాకు ఇంకెప్పుడూ కలగలేదు.

ఆ గంగాళం లాంటి టర్బోను వాడు తీసుకుపోలేదు, మా షెడ్డు గూట్లోనే ఉంది. ఎంత బలం కావాలో మనిషి చెప్తాడు, ఎంత ఇవ్వగలదో ఇంజనే చెప్పాలి. రెండోది ముందు వినాలని ఆ కారు నాకు నేర్పింది. పెద్ద టర్బో బిగించమని ఎవరొచ్చినా ఇప్పుడు గూట్లోది చూపించి, మీ బోరులో నీళ్ళెన్ని అని అడుగుతాను.