ఓడలోకి మన నూతి నీళ్లు

ఈ రోజు సాయంత్రం పక్కింటి కోడలు పార్వతి మా అరుగు మీదకు వచ్చి కూర్చుంది. వేసవి సెలవులకు పిల్లలతో విశాఖ నుంచి అండమాన్ ఓడ ఎక్కుతున్నారట. వయసులో ఉండగా తాపీ పనికి నేను ఆ ఓడలోనే వెళ్లాను కనుక సలహా అడగడానికి వచ్చింది.

తెలిసింది చెప్పాను. కింది బెర్తులు అడగమన్నాను. మొదటి రోజు కడుపు నిండా తినవద్దని, వాంతి వచ్చేలా ఉంటే ఉప్పద్దిన నిమ్మచెక్క చప్పరించమని, డెక్కు మీద పిల్లల చెయ్యి వదలవద్దని చెప్పాను.

"సరే తాతా. మన నూతి నీళ్లు డబ్బాలతో పట్టుకెల్తన్నాం. ఓడ నీళ్లు పిల్లలకి పడవు గదా" అంది.

"ఆ నీళ్లొద్దమ్మా. ఓడలో ఇచ్చినవే తాగించు."

"ఏటి తాతా అలాగంటావు! కొబ్బరినీళ్లలాగుంటాయి మన నీళ్లు."

"మీ మామ్మా అలాగే అనీది."

ఆ మామ్మకు, అంటే మా ఆవిడకు, ఓడ చూపిస్తానని చాలా ఏళ్లు చెప్పాను. చివరికి కిడ్నీలు పాడై, విశాఖలో ఆసుపత్రి మాత్రమే చూసి పోయింది. మా ఉద్దానం ఊళ్లలో చాలామందికి వచ్చే ఈ కిడ్నీ జబ్బు నీళ్ల వల్లేనని కొందరు, కాదని కొందరు అంటారు. నాకు తెలియదు. నేనూ ఆ నీళ్లే తాగాను, బతికే ఉన్నాను.

వెళ్లబోతూ పార్వతి గుమ్మం దగ్గర ఆగింది.

"మరి తిరిగొచ్చాక ఇంటికాడ ఏటి తాగించమంటావు తాతా?"

ఓడకు అన్ని సలహాలు చెప్పినవాణ్ణి, దీనికి ఒక్కటీ చెప్పలేకపోయాను. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి, రేపు ఆ అమ్మాయికి చెబుతాను.