పీట అడుగున గద్దముద్ర

ఈజిప్టులో సోఫాలూ కుర్చీలూ చేసి బతికే మా దుమ్యాత్ ఊళ్ళో ఒక అలిఖిత ఒప్పందం ఉంది. వస్తువు పైభాగం కొనేవాడిది, అడుగుభాగం ఎవడిదీ కాదు. అందుకే మా సోఫాలకి పైన రాజుల కాలం నాటి ఆకులూ తీగెలూ బంగారు పూతలూ ఉంటాయి; తిరగేస్తే రంపం కోసిన గరుకు, వంకర మేకులు, ఎవరో పెన్సిలుతో గీసుకున్న కొలతలు ఉంటాయి. ఈ ఒప్పందాన్ని ఊరంతా తరతరాలుగా గౌరవించింది. ఒక్క షర్బీనీ గౌరవించలేదు.

ఆయన ఒక పారిశ్రామిక హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా వడ్రంగం నేర్పుతున్నాడు. మిగతా మాస్టార్లని పిల్లలు ‘మిస్టర్’ అంటారు. షర్బీనీని మాత్రం కార్ఖానాలో పెద్దపనివాణ్ణి పిలిచినట్టు ‘ఉస్తా’ అంటారు. ఏటా మొదటిరోజు ఆయన చేసే పని ఒకటే. ఒక పీటని బల్ల మీద తలకిందులుగా పెడతాడు.

“ఇక్కడ కూడా చిత్రిక పట్టాలి.”

“అడుగునా? అక్కడ ఎవరు చూస్తారు ఉస్తా?” అని ఎవడో ఒకడు అడుగుతాడు. అడగని ఏడు లేదు.

“ఇద్దరు చూస్తారు. ఒకరు దేవుడు. రెండోవాడు ఇది విరిగినప్పుడు బాగుచెయ్యడానికి వచ్చే వడ్రంగి. దేవుడు క్షమిస్తాడు. రెండోవాడు తిడుతూ నీ తాతలదాకా వెళ్తాడు.”

పిల్లలు దీన్ని మసీదులో శుక్రవారం ప్రసంగం విన్నట్టు వినేవారు. అంటే శ్రద్ధగా విని, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు.

షర్బీనీకి ఉన్న రెండో పట్టింపు వినీరు. నాసిరకం పలక మీద మంచి చెక్కపొర అతికించి మంచి చెక్కగా చలామణి చేసే ఆ విద్యని ఆయన ‘అబద్ధానికి ఇస్త్రీ’ అనేవాడు. పాఠ్యప్రణాళికలో దానికి రెండు వారాలున్నాయి. ఆ రెండు వారాలూ ఆయన ఉలులు సానపట్టించేవాడు. ఇన్‌స్పెక్టరు వస్తే, “వినీరు అయిపోయిందండీ” అనేవాడు. అది అబద్ధం కాదని ఆయన వాదన. స్టోర్లో వినీరు నిజంగానే అయిపోయింది, పదేళ్ళ కిందట.

నవ్వారా ఆ విభాగంలో ముప్పైనలుగురిలో ఒకే ఒక్క ఆడపిల్ల. తండ్రి ఇజ్బత్ అల్‌బుర్జ్‌లో చేపలు పడతాడు. ఇంటావంటా వడ్రంగం లేదు. రెండో ఏడు ప్రాజెక్టుగా తలా ఒక పెట్టె చెయ్యమంటే మగపిల్లలు నగల పెట్టెలు చేశారు. ఆ పిల్ల తండ్రి గాలాలూ దారాలూ పెట్టుకునే పెట్టె చేసింది. స్కూలు ప్రదర్శనలో దాన్ని మూలన పెట్టారు. షర్బీనీ అలవాటు కొద్దీ దాన్ని తిరగేశాడు. అడుగు అద్దంలా ఉంది.

“ఎవరు చెప్పారు నీకు?” అన్నాడు.

“మీరే కదా ఉస్తా!”

ఆయన ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి భార్య హానెమ్‌తో, “ఒకళ్ళు విన్నారు” అన్నాడు. ఏం విన్నారో ఆవిడ అడగలేదు. ఆవిడా ముప్పై ఏళ్ళుగా వింటోంది.

నవ్వారాకి ఇంజనీరింగ్ కాలేజీ కావాలి. మా డిప్లొమా పిల్లలకి ఆ తలుపు తెరుచుకోవాలంటే మొత్తం మీద డెబ్బై అయిదు శాతం రావాలి. రాత పరీక్షలు అయిపోయాయి. ఆ పిల్ల లెక్కలు వేసి చూసుకుంది. చేతిపని పరీక్ష బాగా చేస్తే డెబ్బై ఆరు దాటుతుంది. చేతిపనిలో ఆ పిల్లని మించినవాడు విభాగంలో లేడు కనక, ఇక దిగులు పడాల్సింది ఏమీ లేదనిపించింది. మనకి అలా అనిపించిన రోజునే జాగ్రత్తపడాలి.

పరీక్ష రెండు రోజులు. కైరో నుంచి సీలువేసిన కవరులో బొమ్మ వచ్చింది. ఎన్నడూ లేనిది ఆ ఏడు పీట వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ కిటికీ చట్రాలే. పరాయి జిల్లా కమిటీ వచ్చి కూర్చుంది. దాని పెద్ద మన్సూరా నుంచి వచ్చిన ఇంజనీరు ఫిక్రీ. నేర్పిన మాస్టారు హాల్లోకి రాకూడదని నియమం. షర్బీనీ ముంగిలికి అవతల కలప కొట్లో కూర్చున్నాడు. ఎవడూ బయట చేయించుకొచ్చిన పీట పెట్టకుండా, ఇచ్చిన ప్రతి పలక మీదా కమిటీ నీలిసిరాతో ప్రభుత్వపు గద్దముద్ర కొట్టింది. అందం చెడకుండా అడుగువైపున కొట్టింది, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టరని.

రెండోరోజు మధ్యాహ్నం కాపలాదారు దసూకీ పరుగెత్తుకొచ్చాడు.

“ఉస్తా, నిన్ను రమ్మంటున్నారు. నీ పిల్ల గద్దని ఎగరేసింది.”

“ఏ గద్దని?”

“ప్రభుత్వం గద్దనయ్యా! చిత్రికతో!”

హాల్లో పీట తలకిందులుగా ఉంది. నాలుగు కాళ్ళూ పైకి పెట్టి, దోషిలా. అడుగు అద్దంలా ఉంది. పక్కన నవ్వారా నిలబడి ఉంది. తలగుడ్డ నిండా రంపపు పొట్టు. ఏడవడం లేదు, ఏడిస్తే బాగుండేది.

“ఉస్తా, ముప్పైముగ్గురి పీటల మీద ముద్ర ఉంది,” అన్నాడు ఫిక్రీ. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే తిట్టుకుని తృప్తిపడొచ్చు. “ఈ అమ్మాయిని ఎందుకు చెరిపావంటే ‘గరుకుగా ఉందండీ’ అంటోంది. గరుకుగా ఉందని గద్దని చెక్కేస్తారా ఎవరైనా?”

“ముద్ర చూడలేదా అమ్మాయ్?” అన్నాడు షర్బీనీ.

“పొద్దున చూశాను ఉస్తా. మధ్యాహ్నానికి చెయ్యి దానంతటదే పోయింది. అడుగు వదిలెయ్యడం నా చేతికి రాదు.”

షర్బీనీ గోడవైపు చూశాడు. ముప్పైముగ్గురు మగపిల్లలు ఆయన మాట విని మరిచిపోయి గట్టెక్కారు. నమ్మింది ఒక్కతే. మునిగిందీ ఆ ఒక్కతే.

“ముద్ర లేకపోతే మార్చిన సరుకు కింద లెక్క,” అన్నాడు ఫిక్రీ. “సున్నా. ఆగస్టులో మళ్ళీ రాయొచ్చు, కానీ రెండోసారి ఎంత బాగా చేసినా సగం మార్కులే. నాకు తెలుసు, ఇది ఈ పిల్ల పనే. గుడ్డివాడికీ తెలుస్తుంది. కానీ కాగితానికి తెలియదు. నాలుగింటికి హాలు సీలు వేస్తాను.”

అప్పుడు నవ్వారా మెల్లగా అంది: “ముద్ర పొర నేలమీదే పడింది కదా.”

అందరూ నేల చూశారు. నేల అద్దంలా ఉంది. ఆ హాల్లో ఆ రోజు అద్దంలా లేనిది ఏదీ లేదు.

“దసూకీ!” అన్నాడు షర్బీనీ.

“ఊడ్చేశాను. మరి ఊడవొద్దా? పెద్దలొచ్చారని ఊడ్చాను.”

“పొట్టు ఏం చేశావు?”

దసూకీ గాయపడ్డాడు. “ఏం చేస్తాను? పారేస్తానా? దుమ్యాత్ వాణ్ణి!”

“అది మాకు తెలుసు,” అన్నాడు ఫిక్రీ. “మీ ఊళ్ళో చుట్టానికి భోజనం పెట్టరు, పొట్టు మాత్రం దాస్తారు.”

“మన్సూరా వాళ్ళకి దాచుకోవడానికి ఏముందండీ?” అని గొణిగి దసూకీ మేడమెట్లు చూపించాడు. పొట్టంతా గేటుగది మీది పావురాల గూటికి వెళ్ళింది, కింద పరుపుగా.

ఆ విధంగా ఈజిప్టు ప్రభుత్వ పరీక్షా సంఘం, దాని అధ్యక్షుడూ, ఒక అభ్యర్థినీ, ఒక ఉస్తా పావురాల గూట్లోకి మోకాళ్ళ మీద ప్రవేశించారు. గద్ద పావురాన్ని తన్నుకుపోవడం లోకం ఎరిగినదే. ఆ రోజు పావురాలే గద్దని తన్నుకుపోయాయి. మూడు బస్తాల పొట్టు, ముప్పైనలుగురి పొరలు, ఒక్కొక్కటీ విప్పి చూడాలి. షర్బీనీ గబగబా ఏరాడు. నవ్వారా పొర మిగతావాటికంటే పల్చగా, విరగకుండా నిండుగా ఉంటుంది. దాన్ని ఆయన వేలితో తాకి గుర్తుపట్టగలడు. ఒక ముసలి పావురం కింద దొరికింది మొదటి ముక్క, రెక్కా తోకతో. పావురం వదల్లేదు, ఫిక్రీ వేలు పొడిచింది. గద్ద తల ఉన్న రెండో ముక్క నీళ్ళ గిన్నె పక్కన దొరికింది. ఇంకో అడుగు అటు పడితే సిరా కరిగిపోయేది.

మెట్లు దిగుతూ ఫిక్రీ అన్నాడు: “బాగానే ఉంది. కానీ ముద్ర పలక మీద ఉండాలని రాసుంది, నా జేబులో ఉండాలని కాదు.”

“మీద ఉంటే చాలా? ఎలా ఉండాలో రాశారా?” అన్నాడు షర్బీనీ.

ఫిక్రీ నియమావళి తీశాడు. కళ్ళద్దాలు మార్చి రెండుసార్లు చదివాడు. “రాయలేదు.”

“అయితే అతికిస్తాను.”

“మీరు కాదు ఉస్తా. ఇది ఆ అమ్మాయి పరీక్ష. ఆ అమ్మాయే అతికించాలి. మీరు గుమ్మంలో నిలబడండి. నోరు మెదిపితే ఇద్దరినీ కాపీ కింద రాసెయ్యాలి. ఏముంది, వినీరు పనేగా? రెండు వారాల పాఠం ఉంటుందిగా మీకు?”

ఆ పాఠం చెప్పనే లేదని షర్బీనీ ఒప్పుకోవాలి. అప్పటికింకా నోరు మెదపొచ్చు. ఆయన వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు.

గుమ్మంలోంచి చూస్తున్నాడు. నవ్వారా జిగురు గిన్నె వేడిచేసింది. చుట్టుకుపోయిన పొరని ఎలా పరచాలో తెలియక అటూ ఇటూ తిప్పింది. తర్వాత ఎవరికైనా తోచేదే తోచింది: నీళ్ళ గిన్నె దగ్గరికి జరుపుకుంది. తడిపితే పొర సాగుతుంది, సిరా పోతుంది. నవ్వారా వేళ్ళు నీళ్ళ మీదికి వచ్చాయి.

షర్బీనీ దగ్గాడు.

ఆ దగ్గు మామూలు దగ్గు కాదని హాలంతటికీ తెలుసు. నవ్వారా తలెత్తింది. ఆయన అరచేతిని గాలిలో బోర్లించి, మెల్లగా నొక్కుతూ, ముందుకి జరిపాడు, గుడ్డ మీద ఇస్త్రీ జరిపినట్టు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆయన చేసిన మొదటి కాపీ అది. నేర్పనని ఒట్టు పెట్టుకున్న పాఠం, మాట లేకుండా, అర నిమిషంలో చెప్పాడు. ఫిక్రీ సరిగ్గా ఆ అర నిమిషం పావురం పొడిచిన వేలు చూసుకుంటున్నాడు.

నవ్వారా జిగురు పలకకి మాత్రమే పూసింది. పొర మీద కాగితం వేసి, వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కింది. నాలుగింటికి పది నిమిషాలుండగా గద్ద పలక మీద వాలింది. మెడ దగ్గర రెండు ముక్కల మధ్య వెంట్రుకవాసి ఖాళీ, ఒక రెక్క కింద శనగగింజంత ఉబ్బు. మిగతాదంతా సమంగా ఉంది. ఫిక్రీ గోటితో తడిమి చూసి, సంతకం పెట్టాడు.

“పాస్. సున్నా తప్పింది. నా చేతనైంది ఇంతే.”

షర్బీనీ ఆ ‘పాస్’ అన్న మాట మీద నెలన్నర బతికాడు.

ఫలితాలు జులై మొదట్లో, సెలవుల్లో వచ్చాయి. నెలాఖరున నవ్వారా మెషబ్బక్ మిఠాయి పొట్లం పట్టుకుని ఉస్తా ఇంటికి వచ్చింది. హానెమ్ గుమ్మంలోనే ముద్దుపెట్టుకుని, “పాసయ్యావా తల్లీ?” అంది.

“అయ్యాను పిన్నీ. డెబ్బై నాలుగున్నర.”

హానెమ్ సంతోషంగా కేక పెట్టబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది.

“ఎక్కడ పోయాయి?” అన్నాడు షర్బీనీ.

“పీట నునుపు పనిలో. ‘అడుగున అతుకు ఉంది, ఉబ్బు ఉంది’ అని పది మార్కులు తీశారు.”

“అర్జీ పెడదాం.”

“పెట్టాను ఉస్తా. లెక్క సరిగ్గానే ఉందని రాశారు. సరిగ్గానే ఉంది కూడా. నిజంగా ఉబ్బు ఉంది కదా.”

మిఠాయి పొట్లం బల్ల మీద అలాగే ఉంది, నూనె మరక పెద్దదవుతూ. షర్బీనీకి తాను ఆ పిల్లకి చేసినది వరసగా కనిపించింది. పుస్తకంలో లేనిది నేర్పాడు, ఉన్నది నేర్పలేదు. మొదటిదానికి ముద్ర పోయింది, రెండోదానికి మార్కులు పోయాయి. రెండిటికీ మూల్యం ఆ పిల్లే చెల్లించింది. చెప్పాలనుకున్నాడు. గొంతులో మళ్ళీ దగ్గే వచ్చింది.

“ఇప్పుడేం చేస్తావు బిడ్డా?”

“కార్ఖానాలో చేరాను. చెబితే తిడతారు.”

“చెప్పు.”

“వినీరు కార్ఖానా. ఆడపిల్లల్ని అక్కడే తీసుకుంటారు.”

ఆయన తిట్టలేదు. “అడుగులు?” అన్నాడు, ఇంటి క్షేమం అడిగినట్టు.

“మొదట్లో చిత్రిక పడుతుంటే నవ్వారు. మేస్త్రి టైము దండగ అన్నాడు.”

“మానేశావా?”

నవ్వారా కళ్ళు దించుకుంది. “ఆయన టీకి వెళ్ళినప్పుడు పడతాను.”

సెప్టెంబరులో కొత్త పిల్లలు వచ్చారు. షర్బీనీకి అదే ఆఖరి ఏడు. పాఠ్యప్రణాళికలో ఆ రెండు వారాల పేజీ తెరిచి, స్టోరుకి వినీరు కావాలని చీటీ రాశాడు. చీటీ చూసి హెడ్‌మాస్టరు ఆయన ఆరోగ్యం అడిగాడు. తర్వాత ఆయన వెళ్ళి పీటని బల్ల మీద తలకిందులుగా పెట్టాడు.

“ఇక్కడ కూడా చిత్రిక పట్టాలి,” అన్నాడు.

“అక్కడ ఎవరు చూస్తారు ఉస్తా?” అన్నాడు ముందు బెంచీవాడు.

“ముగ్గురు. దేవుడు, రేపటి వడ్రంగి, మన్సూరా కమిటీ. మొదటి ఇద్దరూ మార్కులు వెయ్యరు.”

క్లాసు నవ్వింది. వాడు మాత్రం పుస్తకం తెరిచి, పెన్సిలు పట్టుకుని నిజంగానే రాసుకోబోయాడు. “అయితే పట్టమంటారా, వద్దంటారా?”

షర్బీనీ ఆ పెన్సిలు వైపు చూశాడు. చిత్రిక అందుకుని తానే పట్టడం మొదలుపెట్టాడు. పొరలు ఒకదాని మీద ఒకటి, పల్చగా, విరగకుండా పడ్డాయి. గద్దముద్ర పట్టేంత చోటు, ఇంకో జానెడు, మిగిలిందనగా ఆయన చెయ్యి ఆగింది.

“ఉస్తా?” అన్నాడు వాడు, పెన్సిలు ఎత్తి పట్టుకుని.