పొదల కింద పరచిన దుప్పటి

ఆ అడవి కాపలాదారును అందరూ ‘నిదానం’ అనేవారు. పిలిస్తే పలకడానికి ఆయనకు రెండు ఊపిరుల వ్యవధి కావాలి. పెళ్లయిన కొత్తలో భార్య వేళాకోళానికి పెట్టిన ఆ పేరు అసలు పేరును మింగేసింది. పేర్లకు ఆ ఆకలి ఉంటుంది.

ఆకలి మాట వచ్చింది కనుక చెప్పాలి. ఆ యేడు, ఎక్కడినుండో తెప్పించిన తోటమొక్కల వెంట ఒక తెల్లరెక్కల పురుగు అడవిలో చొరబడింది. దాని గొంగళిపిల్లలు వాలు మీది పొదలను ఆకు మిగలకుండా మేయసాగాయి. సాయంవేళ అక్కడ నిలుచుంటే సన్నజల్లు కురుస్తున్నట్లుండేది. ఆకాశంలో మబ్బుతునక ఉండేది కాదు. ఎండుటాకులపై రాలుతున్నవి పురుగుల పెంటికలు.

ఘాటైన మందులు కొడితే కింది వాగు పాడవుతుంది. వేపగింజల కషాయం పనిచేయకపోతే వాలంతా నరికించి తగలబెట్టించక తప్పదన్నాడు రేంజరు. మోకాలెత్తున ఉన్ననాటినుండి ఎరిగిన పొదలవి. నిదానానికి ముద్ద దిగలేదు. దంచిన గింజలను మూటగట్టి నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బునీరు కలిపి, ఎండ వాలాక ఆకు ఆకునూ తడిపాడు. చచ్చి రాలేవాటిని చూసుకోవడానికి పొదల కింద ముందునుండే ఒక పాత తెల్లదుప్పటి పరిచి ఉంచాడు. రోజూ దాన్ని ఉతకలేక భార్య సణిగేది.

కషాయం కొట్టి రోజులు గడిచినా ఒక్క పురుగూ రాలలేదు. అన్నీ ఆకుల మీదే, పటంలో గీసినట్లు. రేంజరు వచ్చే రోజు నిదానం కత్తి నూరుకుని, ఇక దుప్పటి మడిచి లోపల పెట్టేయమన్నాడు. దులపబోయిన భార్య ఆగిపోయింది.

“ఏమయ్యా, దీన్నిగానీ మార్చావా?”

“లేదే.”

“మొన్నటిదాకా ఆ పెంటికల మరకలు రుద్దీ రుద్దీ నా చేతులు పడిపోయాయి. ఇవాళ దులపడానికే ఏం లేదు. నీ పురుగులు అలిగి తిండి మానేశాయా ఏం?”

రెండు ఊపిరులు గడిచాయి. అప్పుడు వినిపించింది ఆయనకు, ఆ జల్లు లేకపోవడం. మందు అనగానే మనం చావునే వెదుకుతాము. ఈ కషాయం ముందుగా పురుగు నోటిని కట్టేస్తుందని ఆయనకు తట్టనేలేదు.

రేంజరు వచ్చి, దుప్పటి చూసి, పొద పక్కన చాలాసేపు చెవి ఒగ్గి కూర్చున్నాడు. నరకడం ఇప్పట్లో వద్దని చెప్పి వెళ్లాడు. తరువాత పురుగులు ఎండిన దారప్పోగుల్లా రాలాయి. మొదళ్లనుండి ఎర్రని చిగుళ్లు లేచాయి.

చాన్నాళ్లకు ఒక సాయంత్రం వాలు మీద మళ్లీ ఆ సన్నని చప్పుడు. నిదానం అరచేయి చాచాడు. అరచేయి తడిసింది.

“వానయ్యా, లోపలికి రా,” అంది భార్య, గుమ్మంలోంచి.

ఆయన రెండు ఊపిరులకంటే చాలా ఎక్కువసేపే అక్కడ నిలబడ్డాడు.